ముఖపత్రం మీద పసుపు

చంద్రపూర్, తుకుం
17 ఆగస్టు 2025

జయక్కా,

నువ్వు పంపిన ఫారాలు అందాయి. నలభై ఫారాలు, ఒక్కోదాంట్లో పంతొమ్మిది గడులు. ఏకాంబర దాసు కీర్తనల మొట్టమొదటి అచ్చు ప్రతులు ఈ జిల్లాలో నలభై దొరుకుతాయనుకున్నావంటే నీ ఆశకు దండం పెట్టాలి. ఇప్పటికి మూడు చూశాను. మూడూ చూసిన రోజుల్లో అన్నం సయించలేదు.

మొదటిది బొగ్గుగనిలో రిటైరైన ఒక ఓవర్‌మన్ ఇంట్లో, మంచం కింద రేకుపెట్టెలో, సిమెంటు సంచిలో చుట్టి ఉంది. సంచి విప్పగానే బొద్దింక గుడ్లు నా చీర కుచ్చిళ్ల మీద రాలాయి. రెండోదాని అట్టను మైదా జిగురుతో అతికించారట, ఆ జిగురు కోసం పురుగులు కాగితాన్ని కూడా తినేశాయి. పేజీ తిప్పితే వేలికి బొగ్గు నుసి, ఎలకల మూత్రం వాసన. మూడోదాన్ని ఆ ఇంటి కోడలు నాకు ఇస్తూ ముందు తన కొంగుతో తుడిచింది, తర్వాత ఆ కొంగుతోనే పిల్లాడి ముక్కు తుడిచింది. సంగీతం మీద భక్తి ఉన్నవాళ్లు ఇలాంటి పనికి రాకూడదు. నాలాంటి అనుమానపు మనుషులే రావాలి.

ఇలా రాసే బదులు ఫోన్ చేయొచ్చు కదా అంటాడు వినయ్. ఫోనులో నువ్వు నన్ను మాట్లాడనివ్వవని మా ఆయనకు తెలియదు. హాస్టల్లో రెండేళ్లు నీ గదిలో ఉన్నదాన్ని, నాకు తెలుసు. పైగా ఈ తొలి అచ్చు ప్రతుల పట్టికకు కాగితం మీద సాక్ష్యం ఉండాలని అన్నది నువ్వే.

ఒక చిన్న సంగతి. మొదటి భాగం ప్రతులు మూడింటికీ ముఖపత్రం మీద, కీర్తనల పేరు కింద, పసుపూ గంధం మెత్తి కుంకుమ బొట్టు పెట్టారు. ఏటేటా పెట్టి పెట్టి పెంకు కట్టింది. దాని కింద ఒక పంక్తి అచ్చు ఉన్నట్టుంది, చదవడానికి లేదు. పదిహేడో గడిలో, 'ఇతర గుర్తులు' దగ్గర, 'పసుపు మరక' అని రాశాను. సరిపోతుందా?

నీ
సుచరిత


హనుమకొండ
26 ఆగస్టు 2025

సుచీ,

నీ ఉత్తరం చదివి పొట్ట పట్టుకుని నవ్వాను. నీకు ఎప్పుడూ వాసనలే కనిపిస్తాయి.

పసుపు మరక అంటే సరిపోతుంది. దయచేసి గీకవద్దు. అది ఆ ఇళ్ల భక్తి, ఎలా ఉన్నదాన్ని అలా ఉండనీ. మనం ప్రతులను లెక్కపెట్టేవాళ్లం, శుభ్రం చేసేవాళ్లం కాదు.

పట్టికకు నేను రాస్తున్న ముందుమాటలో మొదటి పేరా ఇది, ఎలా ఉందో చెప్పు: 'ఏకాంబర దాసు 1912లో వార్ధా ఒడ్డున ఒక గుడిసెలో కన్నుమూశారు. ఆయన రాతప్రతి ఒక్కటీ మిగల్లేదు. బల్లార్పూర్ బొగ్గుగని ఆఫీసులో గుమాస్తాగా పనిచేసిన వెంకటసుబ్బయ్య అరవై నాలుగు కీర్తనలను సేకరించి, స్వరపరిచి, బెజవాడ నుంచి తెలుగు అచ్చక్షరాలు తెప్పించి, 1926లో చాందా (నేటి చంద్రపూర్) పట్టణంలో మొదటి భాగం ముద్రింపజేశారు. ఆ ఒక్క మనిషి లేకపోతే ఈ వాగ్గేయకారుడు మనకు లేడు.' మనవరాలిగా రాయలేదు, పరిశోధకురాలిగానే రాశాను. అయినా తాతయ్య పేరును రెండుసార్లు దిద్దుకున్నాను.

మొదటి భాగం శతజయంతి సంఘం వాళ్లు వచ్చే ఏప్రిల్లో పట్టిక ఆవిష్కరిస్తారు. చంద్రపూర్‌లోనే. తొందరగా కానీ.

జయ


చంద్రపూర్
5 అక్టోబరు 2025

జయక్కా,

దసరా రోజు కోఠారి వెళ్లాను. రాజం గారని, గనిలో ముప్పై ఐదేళ్లు పనిచేసి దిగినాయన, మొదటి భాగం వాళ్ల దేవుని గదిలో ఉంది. వెళ్లేసరికి పుస్తకాన్ని పీట మీద పెట్టి పూజ చేస్తున్నారు. పక్కన మనవరాలు అక్షిత మరాఠీ పాఠ్యపుస్తకాలు కూడా పెట్టింది. దాసుగారికీ గణితానికీ ఒకటే కొబ్బరికాయ.

రాజం గారు పసుపు గిన్నె నా చేతికి ఇచ్చి, "మాకు సదువు రాకపాయె బిడ్డా, నువ్వు సదువుకున్నదానివి, నువ్వే పెట్టు" అన్నారు. వద్దనలేకపోయాను. నేను పైన 'శ్రీ' మీద పెట్టబోతే చెయ్యి పట్టుకుని ఆపారు. "గాడ కాదు. సారు మొదలు ఎక్కడ పెట్టిండో గక్కడనే పెట్టాలె. జరగద్దు." అక్కడే పెట్టాను. మానని పుండు మీది పక్కును ముట్టుకున్నట్టు అనిపించింది. చెయ్యి కడుక్కోవడానికి లేచే లోపు ప్రసాదం పెట్టారు.

సారు అంటే మీ తాతయ్యే. పుస్తకం అచ్చయిన ఏడాది దసరాకు, కొన్న ప్రతి తెలుగు ఇంటికీ ఆయనే నడుచుకుంటూ వెళ్లి, సొంత చేత్తో మొదటి బొట్టు పెట్టారట. కోఠారి నుంచి గోండ్‌పిప్రి దాకా. నీకు సంతోషం కలిగే సంగతి కనుక ముందు ఇది రాస్తున్నాను.

ఇప్పటికి ఏడు ప్రతులు అయ్యాయి. ఏడింటికీ పసుపు అదే చోట. కానీ రెండో భాగం, మూడో భాగం ప్రతులకు మాత్రం పైన 'శ్రీ' మీదే ఉంది, కింద లేదు. ఒకే ఇంట్లో, ఒకే పీట మీద, రెండు రకాల పద్ధతి ఎందుకు? మొదటి భాగంలో ఆ చోట ఏముందో నీకు ఏమైనా తెలుసా? నీ దగ్గర మీ తాతయ్య ప్రతి ఉండాలి కదా.

అనవసరంగా అనుమానిస్తున్నానేమో. నాకు అది జబ్బు.

సుచరిత


హనుమకొండ
14 అక్టోబరు 2025

సుచీ,

తాతయ్య ఇల్లిల్లూ తిరిగిన సంగతి నాన్న చెప్పేవాడు. అది విడిగా ఒక పేజీ రాసి పంపు, శతజయంతి సంచికలో బొమ్మతో వేద్దాం.

అక్కడ అచ్చాఫీసు చిరునామా ఉండేది. అంతకన్నా ఏమీ లేదు. తాతయ్య ప్రతి ఇల్లు మారినప్పుడు పోయింది.

జయ


చంద్రపూర్
23 నవంబరు 2025

జయక్కా,

అచ్చాఫీసు చిరునామా ముఖపత్రానికి అట్టడుగున ఉంది. ఏడు ప్రతుల్లోనూ ఉంది, పసుపు అంటకుండా. ఫారంలో ఏడుసార్లు నా చేత్తో రాశాను, నువ్వు ఏడుసార్లు చదివావు. మరిచిపోయి ఉంటావనుకోవడానికి నెల రోజులు ప్రయత్నించాను.

ఎనిమిదో ప్రతి దొరికింది. గోండ్‌పిప్రిలో నాగేశ్వర్ అనే ఆయన, ఆ ఏడింట్లో ఒకటైన తన ప్రతిని మళ్లీ చూపిస్తూ, "బామ్నీల ఒకామె తాన గూడ ఉన్నది గని, గాడికి మీరెందుకు పోతరు మేడం" అన్నాడు. ఎందుకు పోకూడదో చెప్పలేదు. చెప్పకపోయినా నాకు అర్థమైంది, అర్థమైనందుకే నా మీద నాకు రోత పుట్టింది.

ఆమె పేరు కోమల. నలభై ఉంటాయి. ఇంటి వసారాలోనే మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. మరాఠీ బడిలో చదివింది, తెలుగు మాట్లాడుతుంది, చదవలేదు. పుస్తకం కోసం వచ్చానంటే నన్ను కింది నుంచి పైదాకా చూసి, "మా పణజీ బుక్కా? ముత్తవ్వది. గది ఎవ్వల్కి ఇయ్యం" అంది. ఇవ్వొద్దు, చూస్తానన్నాను. "చూసుడుకు పైసలు గిట్ల ఏం తీస్కోవు గద?" అని నవ్వి లోపలికి వెళ్లి తెచ్చింది. తెల్ల గుడ్డలో వేపాకు వేసి చుట్టి ఉంది. వాసన లేదు, పురుగు లేదు. అన్నిటికన్నా ముందు చూసింది, పసుపు లేదు.

మిగతా ఏడు ప్రతుల్లో పెంకు కట్టిన చోట, ఈ ప్రతిలో ఇలా అచ్చయి ఉంది:

'దాసుగారి శిష్యురాలు, ఐలమ్మ, పాడి నేర్పిన పాఠము ననుసరించి'

దాని కిందే 'ప్రకాశకుడు: వెంకటసుబ్బయ్య'. స్వరపరిచినవాడని లేదు, ప్రకాశకుడనే, అంటే అచ్చు వేయించినవాడనే ఉంది.

నేను పైకి చదివాను. కోమల నా వేలి కింద ఉన్న అక్షరాలను చూస్తూ, "ఐలమ్మనే మా పణజీ. పేరున్నదని మా ఆజీ, గదే మా అవ్వ, చెప్పేది, ఎక్కడున్నదో మాకు ఎర్క లేకుండె" అంది. ఐలమ్మ గని దగ్గర బొగ్గు తట్టలు మోసేదట. చిన్నప్పుడు దాసుగారి గుడిసె ముందు గేదెలు కాసేది, ఆయన పాడింది పాడినట్టు పట్టుకునేది, ఆయన పోయేదాకా ఆమెకే చెప్పాడు. తర్వాత మీ తాతయ్య వీళ్ల వాడకు వచ్చేవాడట. "ఆమె బయట రాయి మీద కూసునుడు, సారు దూరం కుర్చేసుకుని రాసుకునుడు. రెండేండ్లు గట్లనే" అంది కోమల.

పసుపు ఎందుకు లేదని అడిగాను. మిగతా ఇళ్లన్నిటికీ సారే వచ్చి బొట్టు పెట్టారట కదా అన్నాను. ఆమె దారం కొరుకుతూ, చాలా మామూలుగా చెప్పింది.

"మా ఇంటికి ఎవరస్తరు బొట్టు పెట్టనికి?"

అక్కా, ఆ ఒక్క ఇంటి గడప తొక్కకపోవడం వల్ల ఆ ఒక్క ప్రతి మిగిలింది. దసరా రోజు నేను పెట్టిన బొట్టు ఆ పేరు మీదే. నూరో పొర నాది.

ఎనిమిదో ఫారం నింపి పంపుతున్నాను. పంక్తి ఉన్నది ఉన్నట్టు ఎక్కించాను. తొలి ముద్రణ నమోదులో ఐలమ్మ పేరు రావాలి.

సుచరిత


హనుమకొండ
4 డిసెంబరు 2025

సుచరితకు,

తొందరపడుతున్నావు. ఎనిమిదింట్లో ఒక్క ప్రతి. ఎవరో తర్వాత ఆ ఒక్క ఆకు అచ్చు వేయించి చేర్చి ఉండవచ్చు. ఒక్క ప్రతిని పట్టుకుని ముద్రణ చరిత్ర తిరగరాయడం మనం క్లాసులో పిల్లలకు చేయొద్దని చెప్పే పని. ఎవరో కుట్టుపని చేసుకునే ఆమె తాను విన్న కథ చెప్పింది, నువ్వు అప్పుడే కదిలిపోయావు.

ఎనిమిదో ప్రతికి 'అదనపు పంక్తి కలదు' అని రాస్తే చాలు. ఆమెకు ఏ మాటా ఇవ్వకు. ఫోటోలు ఎవరికీ పంపకు.

జయ


చంద్రపూర్
28 డిసెంబరు 2025

జయక్కా,

నువ్వు రాసింది సబబే అనిపించింది. నా సంగతి నీకు తెలుసు, ఎవరైనా గట్టిగా అంటే నేను నా కళ్లనే అనుమానిస్తాను. అందుకని మళ్లీ కోఠారి వెళ్లాను.

రాజం గారికి మొత్తం చెప్పి, పసుపు తీసి చూడనిస్తారా అని అడిగాను. తిడతారనుకున్నాను. ఆయన బీడీ కట్ట సర్దడం మొదలుపెట్టారు. కోడలు జ్యోతిలక్ష్మి తలుపు దగ్గర నిలబడి, "మామా, దేవుని బుక్కు, వద్దు" అంటోంది.

"దేవునిది కాదే. గా పేరు మా అయ్యకు ఎరుకనే" అన్నారు ఆయన. "బుక్కులు వచ్చినంక వాడకట్టోళ్లందరు జమైండ్రట. గసొంటామె పేరున్న బుక్కు దేవుని అర్రల ఎట్ల పెడ్తం, వాపస్ తీస్కో అని సారు అరుగు మీద కుప్ప పోసిండ్రట. మా అయ్య గూడ పోసిండు. అప్పుడు సారే ఉపాయం జెప్పిండు. నేనే వచ్చి పసుపు పెడ్త, పేరు కానరాదు, బుక్కు శుద్ధి అయితది, అని."

ఇంత తెలిసీ ఎందుకు పెడుతూ వచ్చారని అడిగాను. నిష్ఠూరంగా అడగలేదు. ఆయన నా మొహంలోకి చూడలేదు.

"పెట్టుడు అలవాటాయె. నువ్వు గూడ పెట్టినవ్ గద బిడ్డా, అడిగినవా కింద ఏమున్నదని?"

ఆయన పుస్తకాన్ని నా ముందుకు జరిపారు. మెత్తటి బ్రష్షు తెచ్చుకున్నాను, గంటన్నర పట్టింది. పెంకు పొరలు పొరలుగా లేచింది, పైన ఎర్రగా, లోపల నల్లగా, మధ్యలో చచ్చిన పురుగుల పొట్టు. నేను పెట్టిన పొర తేలిగ్గా వచ్చేసింది. కింద కాగితం సగం పురుగులు తినేశాయి. మిగిలింది ఇంతే: '...ష్యురాలు, ఐలమ్మ, పా...' అదే అచ్చు, కోమల ప్రతిలో ఉన్నదే. మరొకరు తర్వాత చేర్చిన ఆకు కాదు.

రాజం గారు కళ్లజోడు లేకుండా దగ్గర పెట్టుకుని చూశారు, చదవలేరు. "ఇప్పుడు దీన్ని దేవుని అర్రల పెట్టాల్నా, వద్దా?" అని నన్ను అడిగారు. వేళాకోళం కాదు, నిజంగానే అడిగారు. మీ ఇష్టం అన్నాను. పిరికి మాట.

తిరుగు బస్సులో రెండో భాగం ముందుమాట మళ్లీ చదివాను. 'ఈ కీర్తనలను వృద్ధుల నోట స్వయముగా విని, ఎంతో శ్రమకోర్చి నేనే స్వరపరిచితిని.' వృద్ధులట. ఐలమ్మకు అప్పటికి ముప్పై ఐదేళ్లు ఉండవు.

ఇది నీకు కొత్త కాదు కదా? ఆ ఒక్క మాట చెప్పు.

సుచరిత


హనుమకొండ
11 జనవరి 2026

సుచరితా,

కొత్త కాదు. మా నాన్న 1999లో చెప్పాడు, నా థీసిస్ టైపు అయిపోయిన వారానికి. తాతయ్య ప్రతి పోలేదు. నా బీరువాలో ఉంది, పసుపు లేకుండా. ఆయన తన ప్రతికి పెట్టుకోలేదు. దానికి ఏం అర్థం చెప్పుకుంటావో నీ ఇష్టం, నేను ఇరవై ఏడేళ్లుగా చెప్పుకుంటున్నాను, కుదరడం లేదు.

ఇప్పుడు నేను అడిగేది విను. అరుగు మీద నూట పది పుస్తకాలు కుప్ప పోశారు. అవి వాపసు తీసుకుంటే రెండో భాగం లేదు, మూడో భాగం లేదు. నలభై మూడు కీర్తనలు ఐలమ్మతోనే బొగ్గు తట్టల కింద పోయేవి. ఆయన ఒక పంక్తి కప్పి మొత్తం సంగీతాన్ని నిలబెట్టాడు. నువ్వైతే ఏం చేసేదానివి? పేరు ఉంచి కీర్తనలు పోగొట్టేదానివా? అసహ్యపడడం తేలిక సుచీ. నీకు హాస్టల్ రోజుల నుంచీ అదొక్కటే బాగా వచ్చు.

పైగా, రాజం గారు అన్నది నేనూ అంటాను. నువ్వూ పెట్టావు.

తాతయ్య పేరుతో నేను పాఠం చెప్పాను, ఉద్యోగం చేశాను. ఈ వయసులో ఆ పేరు పక్కన ఇది రాసి, నేనే అచ్చు వేయాలా? ఎనిమిదో ఫారంలో 'అదనపు పంక్తి' అని మార్చి పంపు. లేదా నీ పేరు పట్టికలోంచి తీసేయమని రాయి, తీసేస్తాను.

జయ


చంద్రపూర్
1 ఫిబ్రవరి 2026

జయక్కా,

మూడు వారాలు జవాబు రాయలేకపోయాను. అరుగు మీద కుప్ప పోసిన రోజున నేను ఉంటే ఏం చేసేదాన్నో నాకు తెలియదు. బహుశా పసుపు గిన్నె నేనే పట్టుకునేదాన్ని. అసహ్యం గురించి నువ్వు అన్నదీ ఆలోచించాను. నిజమే, అందులో ఒక సుఖం ఉంది. ముక్కు మూసుకున్నంతసేపు మనం శుభ్రంగా ఉన్నట్టే ఉంటుంది.

నా పేరు తీసేయమని రాద్దామని కూర్చున్నాను కూడా. రాసి, చింపేశాను. నేను తప్పుకుంటే నా చేతులు కడిగినట్టు ఉంటుంది, పట్టికలో మాత్రం ఆ పంక్తి ఉండదు. ఒక ఆడమనిషి పేరు లేకుండా పోవడానికి ఇంకో ఆడమనిషి పేరు కూడా తీసేయడం ఏం పద్ధతి?

కప్పాడు, సరే. భయపడ్డాడు, కీర్తనలు నిలబడ్డాయి. కానీ రెండో భాగంలో 'నేనే' అని రాయమని ఎవరూ అరుగు మీద కుప్ప పోయలేదు. ఆ మాట ఆయనంతట ఆయన రాశాడు. మూడో భాగానికీ, నీ థీసిస్‌కూ, ఇప్పుడు నీ ముందుమాటకూ అదే మాట పాకింది. నాకు మింగుడుపడనిది పసుపు కాదు అక్కా, అది.

ఏడు ఫారాలూ మళ్లీ రాసి పంపుతున్నాను. పాతవాటిలో 'పసుపు మరక' అని రాశాను, అది అబద్ధం. ఇప్పుడు ఇలా ఉంది: 'ఐలమ్మ పేరున్న పంక్తి మీద 1926 దసరా నాడు ప్రకాశకుడు స్వయంగా పసుపు పెట్టి కప్పాడు, ఇంటివారు ఏటా కొనసాగించారు.' కోఠారి ప్రతికి మాత్రం చివర ఇంకో వాక్యం చేర్చాను: '2025లో ఆ పసుపు పెట్టింది ఈ పట్టిక రాసినామె.' ఎనిమిదో ఫారం మార్చలేదు.

నా పేరు ఉంచు. ఫారాలు మార్చదలిస్తే నీ చేతి రాతతో మార్చు, నా చేత మార్పించకు. నీ బీరువాలో ఉన్న ప్రతికి కూడా ఒక ఫారం కావాలి. అది తొమ్మిదోది. ఖాళీది జత చేశాను.

సుచరిత


హనుమకొండ
22 మార్చి 2026

సుచీ,

తొమ్మిదో ఫారం నింపాను. పంతొమ్మిది గడులు నింపడానికి నాకు పది రోజులు పట్టింది.

సంఘం ఒప్పుకుంది. ఒప్పించాను అనాలి. ఇద్దరు సభ్యులు లేచి వెళ్లిపోయారు, మా అన్నయ్య హరికృష్ణ ఫోన్ చేసి ఇక నీ మొహం చూడనన్నాడు. తొలి ముద్రణ నమోదులో, కింద అడుగున కాదు, పైనే, ఐలమ్మ పాడి నేర్పిన పాఠమని పడుతుంది. నీ ఏడు వివరణలూ పడతాయి. ముందుమాట మొదటి పేరా కొట్టేశాను, కొత్తది ఇంకా రాయలేకపోతున్నాను. ప్రూఫు పేజీ జత చేశాను, కోమలకు చదివి వినిపించు.

ఇంకో మంచి మాట. ఏప్రిల్ 12 ఆదివారం సభలో కోమలను వేదిక మీదికి పిలిచి శాలువా కప్పుతారు. సభ మొదట్లో కలశం పక్కన ఆమె ప్రతినే పెట్టి, ముఖ్య అతిథి చేత పసుపు కుంకుమ పెట్టించి జ్యోతి వెలిగిద్దాం అన్నారు. నాకూ బాగుంది అనిపించింది. వందేళ్ల తర్వాత ఆ పుస్తకానికి పూజ జరుగుతుంది. పదో తారీకు లోపు ప్రతి నీ దగ్గరికి తెప్పించి ఉంచు.

నీ
జయక్క


చంద్రపూర్
3 ఏప్రిల్ 2026

జయక్కా,

నీ ఉత్తరం అందుకున్న రోజే జవాబు రాసి ఉంటే మనం మళ్లీ మాట్లాడుకునేవాళ్లం కాదు. 'నాకూ బాగుంది' అన్న దగ్గర ఆగిపోయి, కాగితం బల్ల మీద బోర్లా పెట్టి, రెండు రోజులు దాని వైపు పోలేదు. నువ్వు అన్నయ్యను పోగొట్టుకుని మరీ చేసిన పని చిన్నది కాదు. అది చేసిన చేత్తోనే ఇది ఎలా రాయగలిగావో అడుగుదామనుకున్నాను. తర్వాత, దసరా రోజు నేను ఎలా పెట్టగలిగానో గుర్తు చేసుకుని మానుకున్నాను. మనకు అది కనబడదు. అంతే.

నేను జవాబు చెప్పడం కన్నా పుస్తకం ఎవరిదో వాళ్లను అడగడం మేలని నిన్న బామ్ని వెళ్లాను. ఎండ భరించేలా లేదు. కోమల ఎవరిదో పెళ్లి జాకెట్టుకు అద్దాలు కుడుతోంది. ప్రూఫు పేజీ చదివి వినిపించాను. మళ్లీ చదవమంది. మూడోసారి 'ఐలమ్మ' అన్న చోట వేలు పెట్టమని, ఆ అక్షరాలను చూసి సుద్దతో ఒక గుడ్డ పేలిక మీద గీసుకుంది. వంకరగా వచ్చింది. "మా పోరి చదువుతది, దానికి జూపిస్త" అంది.

శాలువా సంగతి చెబితే, "గీ ఎండల శాలువా ఏం చేసుకోను, కాటన్ చీర అడగరాదు" అని నవ్వింది. వస్తానంది. పిల్లనూ తీసుకొస్తానంది.

పూజ సంగతి చెప్పాను. నీ మాటల్లోనే చదివాను, నావి కలపలేదు. ఆమె అద్దం మీదికి సూది తెచ్చి ఆపింది.

"పసుపు ఎక్కడ పెడ్తరట?"

ముఖపత్రం మీద అన్నాను.

ఆమె కోపం తెచ్చుకోలేదు. కొలతలు రాసుకునే నోటుబుక్కు మూసి, నాకు అర్థమయ్యేలా, నెమ్మదిగా చెప్పింది. పుస్తకం నా దగ్గరికి పంపేది లేదంది. సభ వాళ్లకు ఇది చెప్పమంది. సంఘానికి నువ్వు ఈ మాటలను మర్యాదగా దిద్దకుండా, ఆమె అన్నట్టే రాయాలి.

"బుక్కు నేనే పట్టుకొస్త. నేనే తెరిచి పట్టుకుంట, పేరున్న కాడ. అందరిని దూరం నుంచి సూడమను. దాన్ని ఎవ్వలు ముట్టుకోవద్దని చెప్పు."

సరేనన్నాను. మరి నా సంగతేమిటని అడిగాను. ఫారం నింపింది నేనే కదా, ఆ రోజు పక్కన నిలబడి పేజీ పట్టుకోనా అన్నాను.

"నువ్వు గూడ ముట్టుకోకు" అంది కోమల, మళ్లీ సూది ఎత్తుకుంటూ.

సుచరిత